పురుగుల్ని చూడటమూ ఒక స్కిల్లే!

మీ ఊరి చెరువు గట్టు మీదో, కాలేజీ వెనక నీళ్లు నిలిచిన గుంట దగ్గరో ఎప్పుడైనా ఓ పది నిమిషాలు ఆగారా? ఆగితే కనిపిస్తుంది. గడ్డిపోచ చివర సూదిలా సన్నటి తూనీగ ఒకటి వాలి ఉంటుంది. మామూలు తూనీగ వాలినప్పుడు రెక్కల్ని విమానంలా చాపి ఉంచుతుంది. ఇదేమో చాలావరకు వీపు మీదకు ముడుచుకుంటుంది. దీని కళ్లు రెండూ డంబెల్‌కి రెండు చివర్లలా దూరం దూరంగా ఉంటాయి. ఇంగ్లిష్‌లో డామ్‌సెల్‌ఫ్లై అంటారు. మనం మాత్రం అన్నింటినీ కలిపి తూనీగలే అనేస్తాం.

బీటెక్ అయ్యాక దాదాపు ఏడాది నాకు ఉద్యోగం లేదు. మెయిల్ ఓపెన్ చేస్తే రిగ్రెట్ లెటర్, ఇంట్లో కూర్చుంటే చుట్టాల ప్రశ్నలు. ఆ గోల తప్పించుకోవడానికి పొద్దున్నే చెరువు గట్టుకు పోయేవాణ్ని. ఫోన్‌కి తగిలించే చిన్న మాక్రో లెన్స్ ఒకటి కొని ఈ సన్న తూనీగల్ని ఫొటో తీయడం మొదలుపెట్టా. మొదటి రెండొందల ఫొటోలూ బ్లర్రే. తర్వాత ఒక్కొక్కటీ అర్థమైంది. మన నీడ దాని మీద పడితే లేచిపోతుంది. పొద్దున చల్లగా ఉన్నప్పుడు బద్ధకంగా ఉంటుంది. ఫోన్‌ని దాని ఒంటికి సమాంతరంగా పెడితేనే తల నుంచి తోక దాకా ఫోకస్‌లోకి వస్తుంది. అన్నిటికంటే ముఖ్యం, కదలకుండా కూర్చోవడం రావాలి.

ఇలా కూర్చోవడం ఎవరి దగ్గర నేర్చుకోవాలా అని వెతుకుతుంటే దొరికాడు జాన్ హెన్రీ ఫాబ్ర్. ఫ్రాన్స్‌కు చెందిన ఈ పెద్దాయన పోయి వందేళ్లు దాటింది. ప్రపంచానికి పురుగుల కథలు చెప్పిన మనిషిగా ఆయన పేరు చాలామందికి తెలుసు. ఉద్యోగాలతో ఆయన పడ్డ పాట్లు మాత్రం తక్కువమందికి తెలుసు. మీరు జాబ్ ట్రయల్స్‌లో ఉంటే ఆ రెండో కథ మీ కోసమే.

బాతుల కాపరి

ఫాబ్ర్ 1823 డిసెంబరులో దక్షిణ ఫ్రాన్స్‌లోని సెయింట్ లియోన్ అనే కొండ పల్లెలో పుట్టాడు. ఇంట్లో గడవడం కష్టం. అందుకే కొన్నేళ్లు తాతా నాయనమ్మల పొలం దగ్గర పెరిగాడు. తిరిగి ఊరొచ్చాక చేరిన బడి ఎలాంటిదంటే, పాఠాలు చెప్పే గదిలోకే కోళ్లూ పందిపిల్లలూ వచ్చేవి. అక్షరాలు ఒంటబట్టింది మాత్రం నాన్న కొనుక్కొచ్చిన జంతువుల బొమ్మల కాగితంతో.

ఓసారి ఇంట్లోవాళ్లు బాతుల్ని పెంచి అమ్ముదామనుకున్నారు. వాటిని నీళ్ల గుంటకు తోలుకెళ్లే డ్యూటీ పిల్లాడిది. బాతులు ఈదుతుంటే మనవాడు గుంట ఒడ్డున బోర్లా పడుకుని నీళ్లలో పురుగుల్ని చూసేవాడు. మెరిసే రాళ్లు, పెంకు పురుగులు జేబుల్నిండా నింపుకుని ఇంటికొచ్చేవాడు. జేబులు చిరిగాయి, తిట్లు పడ్డాయి, పోగేసినవన్నీ పారేయాల్సి వచ్చింది. ఇష్టమైనదాన్ని ఇంట్లో పనికిమాలినదిగా చూడటం మీకు కొత్తేం కాదుగా!

తర్వాత నాన్న ఊళ్లు మారుతూ కాఫీ హోటళ్లు పెట్టాడు. పెట్టిన చోటల్లా నష్టమే. టీనేజ్‌లోనే ఫాబ్ర్ చదువు ఆగింది. సంతలో నిమ్మకాయలు అమ్మాడు. రైలు మార్గం వేస్తుంటే కూలికి వెళ్లాడు. ఆ రోజుల్లోనే చేతిలో మిగిలిన కాస్త డబ్బుతో తిండికి బదులు కవిత్వం పుస్తకం కొనుక్కుని, ఆ పూటకు దారిలో దొరికిన ద్రాక్షలతో సరిపెట్టుకున్నాడట.

ఇంతలో అవిన్యాన్ పట్టణంలో టీచర్ ట్రైనింగ్ స్కూల్ స్కాలర్‌షిప్ కోసం పోటీ పరీక్ష పెట్టారు. రాశాడు. ఫస్ట్ వచ్చాడు. అప్పటికి పదిహేను, పదహారేళ్లు. తిండి, పడక, చదువు ఒకేసారి దొరికాయి. పోటీ పరీక్ష ఒక్కటి జీవితాన్ని ఎలా తిప్పుతుందో మీకు వేరే చెప్పక్కర్లేదు.

రాత్రి నేర్చుకుని, పొద్దున చెప్పి

1842లో కార్పెంత్రా అనే ఊళ్లో ప్రైమరీ టీచర్ అయ్యాడు. ఏడాదికి 700 ఫ్రాంకుల జీతం. అది కూడా సరిగ్గా చేతికందేది కాదు. ఓరోజు పిల్లల్ని భూమి కొలతల పాఠం కోసం బయటికి తీసుకెళ్లాడు. పిల్లలు కొలతలు వదిలేసి మాటిమాటికీ రాళ్ల దగ్గర ఆగుతున్నారు. ఏంటా అని చూస్తే, రాళ్ల మీద మట్టిగూళ్లు కట్టే తేనెటీగల గూళ్లలోంచి గడ్డిపుల్లలతో తేనె జుర్రుకుంటున్నారు. ఆ తేనెటీగ పేరేంటి, గూడు ఎలా కడుతుంది అని ఆయనకు పట్టుకుంది. పుస్తకాల షాపులో పురుగుల గురించిన పెద్ద గ్రంథం కనబడితే నెల జీతమంతా పెట్టి కొనేశాడు. ఆ నెల ఎలా గడిపాడో మీరే ఊహించుకోండి.

అదే ఊళ్లో ఇంకో సంగతి. ఒక కుర్రాడు వచ్చి పరీక్షకు వెళ్లాలి, ఆల్జీబ్రా చెబుతారా అని అడిగాడు. ఫాబ్ర్‌కి ఆల్జీబ్రా రాదు. అయినా సరేనన్నాడు! దగ్గర పుస్తకం కూడా లేదు. సైన్స్ మాస్టారి గదిలో ఉంది. తన గది తాళంచెవి ఆ గదికీ పడుతుందని తెలుసు. చప్పుడు చేయకుండా ఆ పుస్తకం తెచ్చుకుని రాత్రంతా కూర్చుని చదివాడు. తెల్లారాక ఆ పేజీలే పాఠం చెప్పాడు. మళ్లీ రాత్రి కొన్ని పేజీలు, మళ్లీ పొద్దున పాఠం. తాళం తీయడాన్ని మీరు ఫాలో కావద్దు గానీ, ఒక్క రాత్రి ముందుండి నేర్పిన ఆ పద్ధతిని గుర్తుపెట్టుకోండి. ఇంకొకరికి చెప్పాల్సి వచ్చినప్పుడే మనకు ఏది అర్థం కాలేదో తెలుస్తుంది. కుర్రాడు పరీక్ష గట్టెక్కాడు. ఫాబ్ర్ కూడా అదే ఊపులో ఎవరి సాయం లేకుండా మ్యాథ్స్, ఫిజిక్స్ డిగ్రీలు తెచ్చుకున్నాడు.

1849లో కోర్సికా దీవిలోని అజాక్సియోలో ఫిజిక్స్ టీచర్‌గా పోస్టింగ్ వచ్చింది. మ్యాథ్స్ ప్రొఫెసర్ కావాలన్నది అప్పటి ప్లాన్. మొక్కల కోసం ఆ దీవికొచ్చిన టులూజ్ ప్రొఫెసర్ మోకాన్ టాండన్ కొన్నాళ్లు ఫాబ్ర్ ఇంట్లో దిగాడు. వెళ్లబోయే ముందు కుట్టుపని డబ్బాలోని కత్తెర, సూదులు తీసుకుని, పళ్లెంలో నీళ్లు పోసి, నత్తను కోసి లోపలి భాగాల్ని ఒక్కొక్కటీ చూపించాడు. లెక్కలు వదిలి జీవుల మీదకు రమ్మని చెప్పి వెళ్లిపోయాడు. ఖరీదైన ల్యాబ్ లేదు. ఒక పళ్లెం, రెండు సూదులు. ఫాబ్ర్ దారి మారడానికి అది చాలింది.

పెద్దాయన చెప్పింది కరెక్టేనా?

మలేరియాతో ఒళ్లు గుల్లయి 1853లో అవిన్యాన్‌కు తిరిగొచ్చాడు. అక్కడి హైస్కూల్లో 1600 ఫ్రాంకుల జీతం. ఇంటినిండా మనుషులు. అలాంటి ఒక చలికాలం రాత్రి, లెయాన్ డూఫూర్ అనే పేరున్న శాస్త్రవేత్త రాసిన పేపర్ చదివాడు. ఒక జాతి కందిరీగ పెంకు పురుగుల్ని వేటాడి, తన పిల్లలకు తిండిగా మట్టిలో దాస్తుంది. వారాలు గడిచినా అవి కుళ్లవు. కందిరీగ వాటిని చంపి, ఏదో మందు ఎక్కించి నిల్వ చేస్తోందని డూఫూర్ అనుకున్నాడు.

ఫాబ్ర్ ఆ మాట నమ్మి ఊరుకోలేదు. అదే కుటుంబానికి చెందిన ఇంకో కందిరీగ వెంటపడ్డాడు. అది ముక్కు పురుగుల్ని తెచ్చి దాస్తోంది. తవ్వి తీసి చూస్తే పురుగులు కుళ్లలేదు సరికదా, చావనూ లేదు! కొద్దిగా కదులుతున్నాయి, విసర్జిస్తున్నాయి. అంటే బతికున్నాయి, కాకపోతే చచ్చుబడిపోయాయి. కందిరీగ సరిగ్గా కాళ్లను కదిలించే నరాల ముడి ఉన్న చోటే ముల్లు దింపుతోంది. అది నిజమా కాదా అని టెస్ట్ చేయడానికి పెన్ను పాళీతో అదే చోట ఒక చుక్క అమ్మోనియా పెట్టి చూశాడు. పురుగు అలాగే చచ్చుబడింది. 1855లో ఇది అచ్చయింది. తర్వాతి ఏడాది ఫ్రెంచ్ సైన్స్ అకాడమీ బహుమతి వచ్చింది. డార్విన్ 1859 నాటి తన పుస్తకంలో ఫాబ్ర్ పరిశీలనల్ని ప్రస్తావించాడు.

ఇంజినీరింగ్ చదివినవాళ్లకు ఇది బాగా ఎక్కుతుంది. ఎవరో పెద్దాయన కామెంట్ రాసి పెట్టాడని కోడ్‌ని నమ్మేస్తామా? రన్ చేసి చూస్తాం కదా. ఫాబ్ర్ జీవితమంతా చేసింది అదే.

ఇంకో కందిరీగ కీచురాయిని పట్టి తెచ్చి, కన్నం గుమ్మంలో పెట్టి, లోపలంతా సరిగ్గా ఉందో లేదో చూసొస్తుంది. అది లోపలికెళ్లగానే ఫాబ్ర్ కీచురాయిని కాస్త దూరం జరిపాడు. బయటికొచ్చిన కందిరీగ దాన్ని మళ్లీ గుమ్మంలోకి లాగి, మళ్లీ లోపల చెక్ చేయడానికి వెళ్లింది. మళ్లీ జరిపాడు. ఇలా దాదాపు 40 సార్లు! ఒక్కసారైనా అది నేరుగా లోపలికి లాక్కెళ్లలేదు. ఆశ్చర్యపోయే తెలివి, అంతలోనే లూప్‌లో ఇరుక్కుపోయే గుడ్డితనం, రెండూ ఒకే పురుగులో ఉన్నాయని ఆయన అలా చూపించాడు.

దీనికోసం ఎంతసేపు కూర్చునేవాడో తెలుసా? ఓ తెల్లవారుజామున కొండదారిలో రాయి మీద కూర్చున్నాడు. ద్రాక్ష కోతకు వెళ్తున్న ముగ్గురు ఆడవాళ్లు చూసి పలకరించి పోయారు. సాయంత్రం బుట్టలతో తిరిగొచ్చేసరికి ఆయన అదే రాయి మీద, అదే చోటుని చూస్తూ ఉన్నాడు. పాపం, మతి లేనివాడనుకుని దండం పెట్టుకుంటూ వెళ్లిపోయారు.

పదేళ్ల ప్రాజెక్టు, ఒక్క దెబ్బకు ఖతం

యూనివర్సిటీలో చెప్పాలని ఫాబ్ర్ కోరిక. అప్పటి ఫ్రాన్స్‌లో సొంత ఆస్తి లేనిదే ఆ ఉద్యోగంలో నెగ్గుకురావడం కష్టమని తెలిసింది. సరే, ముందు డబ్బు సంపాదిద్దామనుకున్నాడు. ఆ ప్రాంతంలో మన మంజిష్ఠకు దగ్గరి జాతి మొక్క విస్తారంగా పండేది. దాని వేళ్ల నుంచి వచ్చే ఎర్ర రంగు బట్టల అద్దకానికి వాడేవారు. ఆ రంగులోని అసలు పదార్థం అలిజరిన్‌ని శుద్ధంగా తీసే పద్ధతి కోసం బడి అయ్యాక ల్యాబ్‌లో ఏళ్ల తరబడి కష్టపడ్డాడు. పేటెంట్లు తీసుకున్నాడు. పద్ధతి పనిచేసింది. ఫ్యాక్టరీ దాకా వెళ్లింది.

సరిగ్గా అప్పుడే, 1868లో, జర్మనీలో గ్రేబ, లీబర్మన్ అనే ఇద్దరు కెమిస్టులు అదే అలిజరిన్‌ని తారు నుంచి వచ్చే పదార్థంతో కృత్రిమంగా తయారుచేశారు. కొన్నేళ్లలోనే చవక రంగు మార్కెట్‌ని ముంచేసింది. మొక్క సాగు కుప్పకూలింది. ఫాబ్ర్ పదేళ్ల కష్టం నీళ్లపాలు. ఆయన పనిలో తప్పేం లేదు. టెక్నాలజీ మారిందంతే. నేర్చుకున్న టూల్ రెండేళ్లకే పాతబడుతుంటే, ఏఐ మన పని లాగేసుకుంటుందేమోనని నిద్రపట్టని రాత్రుల్లో నాకు ఈ ఘట్టమే గుర్తొస్తుంది.

అక్కడితో అయిపోలేదు. అప్పటి విద్యామంత్రి విక్టర్ ద్యూరీ సామాన్యుల కోసం సాయంత్రం క్లాసులు మొదలుపెట్టించాడు. ఫాబ్ర్ వాటిలో ఉచితంగా సైన్స్ చెప్పాడు. అమ్మాయిలూ వచ్చేవారు. పూలలో ఫలదీకరణ ఎలా జరుగుతుందో వాళ్లకు చెప్పడమే నేరమైంది. ఛాందసులు రచ్చ చేశారు. ఇంటి ఓనర్లు ఖాళీ చేయమన్నారు. 1870 నాటికి ఉద్యోగమూ పోయింది. వయసు దాదాపు 47, పెద్ద కుటుంబం, చేతిలో చిల్లిగవ్వ లేదు. 1868లోనే పారిస్ పిలిపించి, చక్రవర్తి ఎదుట నిలబెట్టి, లెజియన్ ఆఫ్ ఆనర్ గౌరవం ఇచ్చారు. రెండేళ్లు తిరక్కుండానే ఈ పరిస్థితి!

ఆదుకున్నది ఆయన స్నేహితుడు, ఇంగ్లిష్ తత్వవేత్త జాన్ స్టూవర్ట్ మిల్. మిల్ భార్య సమాధి అవిన్యాన్‌లోనే ఉంది. అందుకే ఆయన ఎక్కువ రోజులు అక్కడే గడిపేవాడు. ఇద్దరూ కలిసి మొక్కల కోసం కొండలెక్కేవారు. ఏ పత్రమూ రాయించుకోకుండా మిల్ 3000 ఫ్రాంకులు అప్పిచ్చాడు. తర్వాత ఫాబ్ర్ ఆ అప్పు మొత్తం తీర్చేశాడు.

ఎలా తీర్చాడు? దగ్గర్లోని ఆరెంజ్ అనే ఊరికి మారి, పిల్లలకు సైన్స్ పుస్తకాలు రాశాడు. ఒకటీ రెండూ కావు, డజన్ల కొద్దీ. ఆకాశం, భూమి, మొక్కలు, పురుగులు, ఇంట్లో వాడే వస్తువులు... దేని గురించైనా పిల్లలకు అర్థమయ్యేలా చెప్పడం ఆయనకు వచ్చు. ఆ రోజుల్లో ఇల్లు గడిపింది ఆ విద్యే. పురుగులు కావు.

55 ఏళ్లకు సొంత ల్యాబ్

1877లో పదహారేళ్ల కొడుకు జూల్ చనిపోయాడు. పురుగుల వేటలో తండ్రికి చేదోడువాదోడుగా ఉన్న పిల్లాడు. ఆ దెబ్బకు ఫాబ్ర్ కూడా మంచం పట్టాడు. కోలుకున్నాక కొన్ని కందిరీగలకు కొడుకు పేరు పెట్టాడు.

1879లో సెరిన్యాన్ అనే పల్లెలో హెక్టారు దాకా రాళ్లూ ముళ్లతో నిండిన బీడు భూమి, ఓ ఇల్లు కొన్నాడు. దేనికీ పనికిరాదని అందరూ వదిలేసిన నేల అది. కందిరీగలకూ తేనెటీగలకూ మాత్రం స్వర్గం. దానికి ఆర్మాస్ అని పేరు. అదే ఏడాది ఆయన పురుగుల జ్ఞాపకాల గ్రంథం మొదటి సంపుటం వచ్చింది. పదో సంపుటం వచ్చింది 1907లో. అంటే 55 ఏళ్లకు మొదలుపెట్టిన పని 83 ఏళ్ల దాకా సాగింది.

ఆర్మాస్‌లో పరికరాలు చూస్తే నవ్వొస్తుంది. కూరగాయల మీద మూతపెట్టే జాలీలు, పూలకుండీలు, గాజు సీసాలు. వడ్రంగితో, కమ్మరితో చేయించిన గాజు తొట్టిలో నీటి పురుగుల్ని పెట్టుకున్నాడు. తూనీగ పిల్లలు నీళ్లలోనే పెరుగుతాయి. పెద్ద తూనీగల పిల్ల వెనక నుంచి నీళ్లు చిమ్మి రాకెట్‌లా ముందుకు దూకడాన్ని ఆయన గమనించి రాశాడు. మన సన్న తూనీగల పిల్లకు ఆ టెక్నిక్ లేదు. తోక చివర మూడు ఆకుల్లాంటి మొప్పలు ఊపుతూ ఈదుతుంది. చెరువులో గాజు గ్లాసు ముంచి చూస్తే మీకూ కనిపించొచ్చు.

గొంగళి పురుగులు ఒకదాని వెనక ఒకటి నడుస్తాయి కదా. వాటిని పెద్ద కుండీ అంచు మీద గుండ్రంగా ఎక్కిస్తే వారం రోజులు అదే చుట్టూ తిరిగాయి. తిండి పక్కనే ఉన్నా దిగలేదు. ఓ మే నెల పొద్దున గూడు చీల్చుకుని పెద్ద రెక్కల ఆడ మాత్ ఒకటి బయటికొస్తే, ఆ రాత్రి దాదాపు 40 మగ మాత్‌లు చీకట్లో ఎగురుకుంటూ ఇంట్లోకి వచ్చేశాయి. మొదట చూసి కేకలు పెట్టింది ఆయన చిన్న కొడుకు పాల్. ఆ మగవి రావడానికి కారణం మనకు తెలియని ఏదో వాసన అని ఫాబ్ర్ తేల్చాడు. అలాంటి రసాయనాన్ని మొదటిసారి శుద్ధంగా పట్టుకున్నది 1959లో. దాన్నే ఇప్పుడు ఫెరొమోన్ అంటున్నాం. ఆ పాలే పెద్దయ్యాక కెమెరా పట్టి నాన్న పుస్తకాలకు ఫొటోలు తీశాడు. ఇవాళ మనం ఫోన్‌తో చేస్తున్న పని ఆ ఇంట్లో బరువైన కెమెరాతో జరిగింది.

ఆయన అన్నీ కరెక్టే చెప్పాడా? లేదు. చెట్ల మీద రొదపెట్టే సికాడాల కింద ఊరి ఫిరంగులు పేల్పించి, అవి పాట ఆపలేదు కాబట్టి వాటికి వినపడదన్నట్టు రాశాడు. వాటికి వినికిడి ఉందని తర్వాత తేలింది. డార్విన్‌తో ఉత్తరాల స్నేహం ఉంది, ఆయన సూచించిన ప్రయోగాలు కూడా చేశాడు. కానీ పరిణామ సిద్ధాంతాన్ని మాత్రం చివరిదాకా ఒప్పుకోలేదు. అయినా ఆయన రాసిపెట్టిన పరిశీలనలు నిలిచాయి. అభిప్రాయం పొరపాటైనా, చూసింది చూసినట్టు రాసిన నోట్స్ పనికొస్తూనే ఉంటాయి.

మరి మనకేంటి?

1910లో, ఆయనకు 86 ఏళ్లు వచ్చాక, అభిమానులు ఆర్మాస్‌లో పెద్ద సన్మానం చేశారు. అప్పుడు గానీ దేశం ఆయన్ని సరిగ్గా చూడలేదు. 1913లో ఫ్రాన్స్ అధ్యక్షుడు పొయింకారే స్వయంగా ఇంటికొచ్చాడు. 1915 అక్టోబరు 11న ఫాబ్ర్ కన్నుమూశాడు. ఆర్మాస్ ఇప్పుడు మ్యూజియం. జపాన్‌లో ఇప్పటికీ పిల్లలు ఆయన పుస్తకాలు చదువుతారు.

ఓపిక పడితే విజయం మీదే అని మోటివేషన్ డైలాగ్ కొట్టడానికి ఈ కథ చెప్పలేదు. 86 ఏళ్ల దాకా ఆగమని మిమ్మల్ని ఎవరూ అడగకూడదు. ఆయన అప్పుల్లో బతికాడు, నష్టపోయాడు, కొడుకును పోగొట్టుకున్నాడు. ఇష్టం కోసం ఇంటిని గాలికి వదిలేయనూ లేదు. పగలు బడి పాఠం, తర్వాత పిల్లల పుస్తకాలు, మిగిలిన టైమ్‌లో పురుగులు. మీరు నచ్చని ఉద్యోగంలో చేరాల్సి వచ్చినా సిగ్గుపడక్కర్లేదని దానర్థం. కాకపోతే మిగిలిన టైమ్‌లో ఏదో ఒకటి మీది అనేది ఉంచుకోండి.

ఇంకోటి. అలిజరిన్ పోయింది. ఆయన దగ్గర మిగిలినవి రెండే: ఓపిగ్గా చూడటం, చూసింది అర్థమయ్యేలా చెప్పడం. ఆ రెండింటినీ జర్మనీ కెమిస్టులు తీసుకుపోలేకపోయారు. బగ్ ఎక్కడుందో పట్టుకోవడమైనా, కస్టమర్ అసలు ఇబ్బందేంటో కనిపెట్టడమైనా, ఇంటర్వ్యూలో మీ ప్రాజెక్టు వివరించడమైనా చివరికి ఈ రెండే కదా. నా మొదటి ఉద్యోగం టెస్టింగ్‌లో వచ్చింది. ఖాళీగా ఉన్న ఏడాది ఏం చేశావని ఇంటర్వ్యూలో అడిగితే, నసగకుండా తూనీగల నోట్స్ గురించి చెప్పా. దానివల్లే ఉద్యోగం వచ్చిందని అనను. కానీ ఆ ప్రశ్నకు తల దించుకోకుండా జవాబు చెప్పడం మాత్రం అదే మొదటిసారి.

రేపు పొద్దున ఓ ఇరవై నిమిషాలు దగ్గర్లోని చెరువుకో కాలువకో వెళ్లండి. ఫోన్ సైలెంట్‌లో పెట్టండి. మీ నీడ నీళ్ల మీద పడకుండా కూర్చోండి. సన్న తూనీగ కనిపిస్తే ముందు ఫొటో తీయకండి, చూడండి. లేచిపోయిన తూనీగ మళ్లీ అదే పుల్ల మీదకు వస్తోందా? ఎన్నిసార్లు? ఎంతసేపటికి? తేదీ, టైమ్ వేసి రాసుకోండి. ఇంటికెళ్లాక మళ్లీ జాబ్ పోర్టల్ ఓపెన్ చేద్దురుగాని.